చక్రాల మీద ఇల్లు



ధాన్యం బస్తాలు వేసిన ఎడ్లబండిని మీలో కొందరైనా చూసి ఉంటారు. చూడనివారు మీ తాతగారిని అడగండి, ఆయన చెబుతారు. బండివాడు బస్తాలను ఎలాపడితే అలా వెయ్యడు. కొన్నిటిని ముందుకూ, కొన్నిటిని వెనక్కూ జరిపి, నొగ పట్టుకుని ఒకసారి ఎత్తి చూస్తాడు. ముందు బరువు ఎక్కువైతే కాడి ఎడ్ల మెడలను నొక్కేస్తుంది, అవి నాలుగు అడుగులకే అలిసిపోతాయి. వెనక బరువు ఎక్కువైతే నొగ పైకి లేస్తుంది, మెడతాళ్లు ఎడ్ల గొంతులకు బిగుసుకుంటాయి. అందుచేత కాడి మీద కొంచెం బరువు ఉండాలి, మరీ ఎక్కువ ఉండరాదు.

ఈ నెల మనం చెప్పుకోబోయే బండిని ఎడ్లు లాగవు, మోటారుకారు లాగుతుంది. దానిలో ధాన్యం బస్తాలకు బదులు ఒక ఇల్లే ఉంటుంది! పడకలు, వంటపొయ్యి, చిన్న స్నానాలగది, బల్ల, బీరువా అన్నీ అందులోనే. ఇంగ్లండులో దీన్ని కారవాన్ అంటారు. అమెరికాలో ట్రావెల్ ట్రైలరు అంటారు. దీనికి సొంత ఇంజను లేదు. కారు వెనక తగిలించుకుని వెళ్లి, నచ్చినచోట నిలిపి, కారును విడదీసుకుని ఊరు చూసి రావచ్చు.

అమెరికాలో వేసవి సెలవులు రాగానే వేల కుటుంబాలు ఇలాంటి బండ్లు తీసుకుని ఎల్లోస్టోన్ వంటి అడవులకూ, గ్రాండ్ కాన్యన్ వంటి లోయలకూ బయలుదేరతాయి. మన తెలుగువారు ఆ దేశంలో లక్షల సంఖ్యలో ఉన్నారు. మీ మేనమామో, పినతండ్రో కూడా రేపు ఇలాంటి బండి కొనవచ్చు. కొత్తగా కొన్నవారు మొట్టమొదట అందమైన దుప్పట్లూ, పళ్లేలూ, రంగుదీపాలూ కొనుక్కుంటారు. అవి ఉంటే మంచిదే, లేకపోయినా ప్రమాదం లేదు. లేకపోతే ప్రమాదం తెచ్చే వస్తువులు వేరే ఉన్నాయి. వాటి సంగతి చెప్పుకుందాం.

ట్రైసికిలు మీద ముందు నడిచిన మనిషి

విహారం కోసం ఇలాంటి బండిని మొదట కట్టించినవాళ్లలో పేరుపడినవాడు డాక్టర్ విలియమ్ గోర్డన్ స్టేబుల్స్. ఆయన ఇంగ్లీషు నౌకాదళంలో వైద్యుడుగా పనిచేసి, తరవాత మీ ఈడు పిల్లలకోసం సాహసకథలు రాశాడు. 1885లో ఆయన బ్రిస్టల్ నగరంలో ఒక బండి చేయించి దానికి "వాండరర్" అని పేరుపెట్టాడు. ఆ మాటకు సంచారి అని అర్థం. రెండు గుర్రాలు దాన్ని లాగేవి. ఆ వేసవిలోనే ఆయన దక్షిణ ఇంగ్లండులోని ట్వైఫర్డ్ నుంచి ఉత్తరాన స్కాట్లండులోని ఇన్వర్‌నెస్ దాకా ప్రయాణం చేశాడు. వెంట ఒక బండివాడు, ఒక నౌకరు, ఒక కుక్క, ఒక చిలక!

ఆ నౌకరు చేసిన పని గుర్తుంచుకోదగ్గది. అతను మూడు చక్రాల సైకిలు ఎక్కి బండికంటే ముందు పోయేవాడు. దారి ఇరుకుగా ఉన్నదా, ఎదురుగా ఏమైనా వస్తున్నదా అని చూసేవాడు. ఎందుకంటే అంత పెద్ద బండిని సన్నని దారిలో వెనక్కు తిప్పటం గుర్రాలకు చేతకాదు.

తరవాత మోటారుకార్లు వచ్చాయి. వాలీ బయమ్ అనే అమెరికను అల్యూమినియం రేకుతో వెండిలా మెరిసే ట్రైలర్లు తయారుచేయించాడు. వాటిపేరు ఎయిర్‌స్ట్రీమ్. 1959లో ఆయన వెంట అలాంటి బండ్లు బారులు తీరి ఆఫ్రికా దక్షిణపు కొసన ఉన్న కేప్‌టౌన్ నుంచి బయలుదేరి, మరుసటి సంవత్సరం కైరో నగరం చేరాయి. దారి పొడుగునా బురదలు, ఇసుకలు, వాగులు. అంత దూరం పోగలిగినవాళ్లకు తమ బండి బరువు ఎంతో, ఏ వస్తువు ఎక్కడ ఉన్నదో తెలిసే ఉండాలి. మనం కూడా బరువుతోనే మొదలుపెడదాం.

బరువు లెక్క

బండి అమ్మేవాడు చెప్పే బరువు ఖాళీ బండి బరువు. కాని ఎవరూ ఖాళీ బండితో ప్రయాణం చెయ్యరు గదా! ఒక ఉదాహరణ చూడండి. ఖాళీ ట్రైలరు 2,000 కిలోలు ఉన్నదనుకుందాం. నీళ్లతొట్టిలో 150 లీటర్లు పడతాయి. లీటరు నీరు ఒక కిలో గనక అది 150 కిలోలు. రెండు గ్యాసు సిలిండర్లు 34 కిలోలు. బ్యాటరీ 26 కిలోలు. నలుగురు మనుషుల పరుపులు, బట్టలు, వంటపాత్రలు, తిండిసామాను 250 కిలోలు. అన్నీ కలిపితే 2,460 కిలోలు అయింది. ఆ కారు 2,250 కిలోలు మాత్రమే లాగగలదనుకోండి. దుకాణంలో సరిపోయిన బండి ఇంటిముందు సరిపోకుండా పోయింది!

అందుచేత కొనకముందే రెండు చీటీలు చదవాలి. ఒకటి ట్రైలరు మీద ఉంటుంది. నిండా సామాను వేసినా ఇంతకు మించరాదు అని అందులో రాసి ఉంటుంది. రెండవది కారులో డ్రైవరు తలుపు దగ్గర ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి కారు ఎంత మొయ్యగలదో అది చెబుతుంది. ట్రైలరు ముందుభాగం కారు మీద మోపే బరువును కూడా ఈ రెండవ లెక్కలోనే కలపాలి. చాలామంది మరచిపోయేది ఇదే. అమెరికాలో ఈ చీటీల మీద బరువులు పౌన్లలో ఉంటాయి. ఒక పౌను సుమారు 454 గ్రాములు.

కారు మీద ఎంత బరువు పడాలి? సామానుతో కలిపి ట్రైలరు బరువు ఎంతో, అందులో నూటికి 10 నుంచి 15 వంతులు. మన 2,460 కిలోల బండికి అయితే 246 మొదలు 369 కిలోల దాకా. బండివాడు నొగ ఎత్తి చేత్తో చూసేది ఇక్కడ త్రాసు మీద చూస్తారు. అమెరికాలో పెద్ద రోడ్ల పక్కన లారీలను తూచే కాటాలు ఉంటాయి. కొంచెం డబ్బు ఇస్తే ట్రైలరునూ, కారునూ తూచి చీటీ ఇస్తారు. కొత్త బండితో మొదటిసారి పోవలసిన చోటు అదే.

మీరే చేసి చూడండి

ఒక స్కేలు, ఒక పెన్సిలు, నాలుగు రూపాయి బిళ్లలు తీసుకోండి. పెన్సిలును బల్ల మీద అడ్డంగా పెట్టి, దాని మీద స్కేలును ఉంచండి. పెన్సిలు ఇరుసు, స్కేలు బండి. స్కేలు ముందు కొసను మీ వేలి మీద ఆనించుకోండి. ఆ వేలు కారు అన్నమాట.

ఇప్పుడు పెన్సిలుకు ముందువైపు బిళ్లలు పెట్టండి. వేలి మీద బరువు తెలుస్తుంది. పెన్సిలుకు దగ్గరగా జరపండి, బరువు తగ్గుతుంది. వెనకవైపు పెట్టండి, స్కేలు వేలిని వదిలి పైకి లేస్తుంది! సామాను అంతే ఉన్నది, చోటు మాత్రమే మారింది.

నొగ తేలిపోతే ట్రైలరుకు ఇంకొక జబ్బు పట్టుకుంటుంది. అది తోక ఆడించినట్టు అటూ ఇటూ ఊగటం మొదలుపెడుతుంది. దీనికి కారణం తెలియాలంటే బాణాన్ని చూడండి. బాణానికి బరువైన మొన ముందు ఉంటుంది, ఈకలు వెనక ఉంటాయి. బాణం కొంచెం పక్కకు తిరిగితే గాలి ఈకలను నెట్టి మళ్లీ దారిలో పెడుతుంది. అదే బాణాన్ని తిరగేసి వదిలితే అది గింగిరాలు తిరుగుతుంది. ట్రైలరుకు చక్రాలే ఈకలు. బరువు మొత్తం మీద చక్రాలకు కొంచెం ముందు ఉంటే, పక్కకు లాగినప్పుడల్లా చక్రాలు బండిని సరిచేస్తాయి. బరువు వెనక ఉంటే ఊపు క్షణక్షణానికీ పెరిగి, కారును కూడా రోడ్డు పక్కకు ఈడ్చివేస్తుంది. ఈ విధంగా ప్రాణాలు పోయిన ప్రమాదాలు ఉన్నాయి.

అందుకనే బరువైన వస్తువులను కింద, ఇరుసుకు కొంచెం ముందుగా పెట్టాలి. సామానులో నూటికి 60 వంతులు ఇరుసుకు ముందు ఉండాలని అనుభవజ్ఞులు చెబుతారు. వెనక సైకిళ్లు తగిలించుకునేవాళ్లు మళ్లీ తూచుకోవటం మంచిది.

తగిలించే విధం

కారు వెనక ఇనపగుండు ఒకటి ఉంటుంది. ట్రైలరు మూతి దాని మీద టోపీలాగా కూర్చుంటుంది. ఈ గుండ్లు ఒకే కొలతలో ఉండవు. రెండు అంగుళాల గుండు ఉన్నది, రెండుంబాతిక అంగుళాల కంటే ఇంకా కొంచెం పెద్దదీ ఉన్నది. చిన్న గుండు మీద పెద్ద టోపీ పెడితే చూడటానికి కూర్చున్నట్టే ఉంటుంది. మొదటి గుంటలో ఎగిరి ఊడిపోతుంది. అందుచేత రెంటి మీదా చెక్కిన కొలతలు ఒకటేనా అని చదివి చూడాలి. తగిలించిన తరవాత చీల వెయ్యాలి.

ఒకవేళ ఊడితే? దానికి రెండు కాపలాలు ఉన్నాయి. మొదటిది రెండు గొలుసులు. వీటిని మూతి కింద ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా వేస్తారు. మూతి ఊడినా ఉయ్యాలలో పడినట్టు వాటి మీద పడుతుందిగాని నేలకు గుచ్చుకోదు. రెండవది ఒక సన్నని తీగ. దాని కొసను కారుకు కడతారు. గొలుసులు కూడా తెగి ట్రైలరు విడిపోయిందనుకోండి, ఆ తీగ ఒక చీలను ఊడలాగుతుంది. వెంటనే ట్రైలరులోని బ్యాటరీ దాని బ్రేకులు వేసేస్తుంది. మనిషి చెయ్యి పడకుండానే బండి ఆగుతుంది! కాని బ్యాటరీలో శక్తి లేకపోతే ఈ కాపలా నిద్రపోయినట్టే.

ఇవి కాక కారులో డ్రైవరు చేతికి అందేటట్టు ట్రైలరు బ్రేకుల పెట్టె ఉండాలి. రెండు బండ్లకూ మధ్య ఏడు తీగల ప్లగ్గు ఉంటుంది. వెనక దీపాలూ, బ్రేకులూ దాని ద్వారానే పనిచేస్తాయి. బరువైన ట్రైలర్లకు స్ప్రింగు కడ్డీల అమరిక కూడా తగిలిస్తారు. అది కారు వెనకచక్రాల మీద పడిన బరువులో కొంత ముందుచక్రాలకు పంచుతుంది. ముందుచక్రాల మీద బరువు లేకపోతే స్టీరింగు మాట వినదు.

దారిలో

ట్రైలరు టైర్ల గాలిని ప్రయాణానికి ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, గేజితో కొలవాలి. కంటితో చూసి చెప్పటం కుదరదు. ఈ టైర్లు ఎక్కువకాలం కదలకుండా నిలబడి ఉంటాయి గనక అరగకుండానే ముసలివి అవుతాయి. పక్కలు బీటలు వారినవాటిని మార్చెయ్యాలి. చక్రాల నట్లను బిగింపు కొలిచే రెంచీతో బిగించి, మొదటి 80 కిలోమీటర్ల లోపల మళ్లీ ఒకసారి చూడాలి. కొత్త చక్రాలు కుదురుకునేటప్పుడు నట్లు వదులు అవుతాయి.

వేగం తగ్గించుకోవాలి. చాలా ట్రైలరు టైర్లు గంటకు 105 కిలోమీటర్లకు మించి పోవటానికి చేసినవి కావు. కాలిఫోర్నియా రాష్ట్రంలో ట్రైలరు లాగే కార్లు గంటకు 55 మైళ్లు, అంటే సుమారు 88 కిలోమీటర్లు, దాటకూడదని చట్టమే ఉన్నది. ఆగటానికి కూడా ఎక్కువ దూరం పడుతుంది గనక ముందు బండికి బాగా ఎడంగా ఉండాలి.

ఊగటం మొదలుపెడితే ఏం చెయ్యాలి? భయపడి కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు. స్టీరింగును అటూ ఇటూ తిప్పకూడదు. స్టీరింగును తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటరు మీద నుంచి కాలు మెల్లగా తియ్యాలి. చేతి దగ్గర ఉన్న పెట్టెతో ట్రైలరు బ్రేకు మాత్రమే వెయ్యాలి. అప్పుడు వెనకబండి ముందుబండిని వెనక్కు పట్టి, తాడు బిగిసినట్టు రెండూ తిన్నగా అవుతాయి. తరవాత రోడ్డు పక్కన ఆపి, సామాను సర్ది, కాటా మీద తూచి మరీ బయలుదేరాలి.

మలుపులో ట్రైలరు చక్రాలు కారు చక్రాల దారిలో రావు, లోపలివైపుకు కోసుకుని వస్తాయి. అందుచేత వెడల్పుగా తిరగాలి. వెనక్కు నడపటం ఇంకా తమాషా. స్టీరింగును కింది అంచున పట్టుకోండి. ట్రైలరు ఎటు పోవాలో చేతిని అటు జరపండి. ఇది ఏదైనా ఖాళీ మైదానంలో ఒక పూట అభ్యాసం చెయ్యవలసిన విద్య. వెనక ఒక పెద్దమనిషి నిలబడి సైగలు చెయ్యాలి. ఆ మనిషి అద్దంలో కనబడకపోతే డ్రైవరు వెంటనే ఆపాలి. పిల్లలు ఆ సమయంలో దూరంగా, డ్రైవరు కంటికి కనబడేచోట నిలబడాలి. డాక్టర్ స్టేబుల్స్ నౌకరు పని ఈనాటికీ పోలేదు చూశారా!

బండి ఎత్తు కొలిచి, ఆ అంకెను డ్రైవరు కళ్లముందు అంటించటం కూడా అవసరం. దారిలో ఎత్తు తక్కువ వంతెనలు వస్తాయి.

మకాం వేసినప్పుడు

చోటు చేరగానే కారును విప్పకూడదు. ముందు ఎడమ కుడి మట్టం చూసి, పల్లంగా ఉన్నవైపు చక్రాల కింద పలకలు వెయ్యాలి. తరవాత చక్రాలకు ముందూ వెనకా అడ్డుదిమ్మెలు పెట్టాలి. ఏటవాలులో ఎడ్లను విప్పేటప్పుడు బండి చక్రానికి రాయి అడ్డుపెట్టే పని వంటిదే ఇది. ఆ తరవాతనే మూతిని విప్పి, ముందున్న జాకీతో ముందూ వెనకా మట్టం చెయ్యాలి. చివరకు నాలుగు మూలలా ఊతకాళ్లు దించాలి. ఊతకాళ్లు బండి కదలకుండా ఆపటానికే. వాటితో బండిని పైకి ఎత్తితే వంగిపోతాయి.

మట్టం చూడటానికి తాపీమేస్త్రి వాడే రసమట్టం చాలు. సన్నని మందుసీసాలో నీళ్లు పోసి, చిన్న గాలిబుడగ మిగిలేటట్టు మూతపెట్టి పడుకోబెడితే మీరే రసమట్టం చేసుకున్నట్టు. బుడగ ఎటు పోతే అటు ఎత్తు.

మట్టం ఎందుకంటే పడుకున్నవాళ్లు దొర్లకుండా ఉండటానికే కాదు. కొన్ని ట్రైలర్లలో నిప్పుతో పనిచేసే శీతలపెట్టె ఉంటుంది. నిప్పుతో చల్లదనమా అని ఆశ్చర్యపడకండి! 1922లో స్వీడన్ దేశపు విద్యార్థులు ఇద్దరు, ఫాన్ ప్లాటెన్, మున్‌టెర్స్ అనేవాళ్లు దీన్ని కనిపెట్టారు. అమ్మోనియా కలిసిన నీటిని చిన్న మంట కాస్తుంది. అమ్మోనియా ఆవిరి అయి పైకి పోయి, చల్లబడి ద్రవంగా మారుతుంది. అది పెట్టె లోపల మళ్లీ ఆవిరి అయ్యేటప్పుడు అక్కడి వేడిని పీల్చుకుంటుంది. చెమట ఆరేటప్పుడు మన ఒళ్లు చల్లబడటంలేదూ, అలాగే. ఆ ద్రవం కిందికి పారటానికి వాలే ఆధారం. పంపు ఏమీ ఉండదు. అందువల్ల బండి ఒరిగి ఉంటే ద్రవం ఒకచోట నిలిచిపోయి పెట్టె పాడవుతుంది. ఇప్పుడు వచ్చే ట్రైలర్లలో చాలావాటికి బ్యాటరీతో నడిచే మామూలు శీతలపెట్టెలు పెడుతున్నారు. వాటికి ఈ బాధ తక్కువ.

కరెంటు, మంచినీళ్లు, మురుగు

మకాంలలో కరెంటు స్తంభాలు ఉంటాయి. అమెరికాలో ఇళ్లకు వచ్చేది 120 వోల్టులు. 30 ఆంపియర్ల స్తంభం అయితే 120ని 30తో హెచ్చించండి, 3,600 వాట్లు వస్తాయి. చల్లగాలి యంత్రం 1,500, గది వేడిచేసే పరికరం 1,500, వంట మైక్రోవేవు 1,200 అనుకుని కూడండి. 4,200! మూడూ ఒకేసారి పెడితే స్విచ్చి పడిపోతుంది. స్తంభంలో తీగలు తప్పుగా కలిపి ఉన్నా, వోల్టులు తగ్గినా హెచ్చినా కరెంటును ఆపే రక్షణపెట్టె ఒకటి కొని ముందు దాన్ని తగిలించాలి. తగిలించేటప్పుడు స్తంభం స్విచ్చి ఆపి ఉండాలి.

మంచినీళ్లకు తాగటానికి పనికివచ్చే గొట్టం వేరే ఉంటుంది. సాధారణంగా తెల్లగానో నీలంగానో ఉంటుంది. తోటకు నీళ్లు పెట్టే గొట్టం వాడరాదు. కొన్ని మకాంలలో నీళ్లు చాలా జోరుగా వస్తాయి, ఆ జోరుకు ట్రైలరులోని సన్నని గొట్టాలు పగులుతాయి. అందుకని కొళాయి దగ్గరే ఒత్తిడిని తగ్గించే బిరడా పెడతారు. చదరపు అంగుళానికి 40 నుంచి 50 పౌన్ల ఒత్తిడి చాలు.

బండి అడుగున రెండు మురుగుతొట్లు ఉంటాయి. ఒకటి స్నానం, గిన్నెల నీళ్లకు, రెండవది పాయిఖానాకు. రెండవదాని కవాటం ఎప్పుడూ మూసి ఉంచి, తొట్టిలో నీళ్లు పుష్కలంగా పోస్తూ ఉండాలి. తెరిచి ఉంచితే నీళ్లు మాత్రం పోయి గట్టి మలం అడుగున పేరుకుంటుంది. తొట్టి మూడింట రెండువంతులు నిండాక, అందుకు ఏర్పాటుచేసిన చోట మాత్రమే, చేతితొడుగులు వేసుకుని ఖాళీ చెయ్యాలి. ముందు పాయిఖానా తొట్టి, తరవాత స్నానపు తొట్టి. అప్పుడు రెండవ నీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి. ఈ గొట్టాన్నీ, మంచినీళ్ల గొట్టాన్నీ ఒకే అరలో పెట్టకూడదు.

కనబడని శత్రువులు ఇద్దరు

వంటగ్యాసు గాలికంటే బరువు. కారితే ఎగిరిపోదు, నేలమీద నీళ్లలాగా పరుచుకుంటుంది. అందుకనే ట్రైలరులో గ్యాసు పసికట్టే పరికరాన్ని నేలకు దగ్గరగా పెడతారు. గ్యాసుకు సొంతవాసన లేదు, మనకు తెలియటానికే కంపుకొట్టే పదార్థం కలుపుతారు. మన వంటింటి సిలిండరు సంగతి కూడా ఇంతే. వాసన వస్తే స్విచ్చి వెయ్యకుండా, అగ్గిపుల్ల గియ్యకుండా, అందరూ బయటికి వచ్చి సిలిండరు కట్టెయ్యాలి. బండి నడిచేటప్పుడూ, పెట్రోలు పోయించేటప్పుడూ సిలిండరు కట్టి ఉంచటం క్షేమం.

రెండవ శత్రువుకు రంగూ లేదు, వాసనా లేదు. దానిపేరు కార్బన్ మోనాక్సైడు. నిప్పుకు గాలి చాలనప్పుడు ఇది పుడుతుంది. మన నెత్తురులో ఆక్సిజనును మోసే పదార్థం ఈ విషవాయువును ఆక్సిజనుకంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషికి తలనొప్పి, మత్తు, నిద్ర వస్తాయి. ఆ నిద్ర నుంచి లేవకపోవచ్చు. మనదేశంలో చలికాలం మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు చనిపోవటం దీనివల్లనే. ట్రైలరు ఇల్లు చిన్నది గనక ప్రమాదం ఎక్కువ. చలి వేస్తే వంటపొయ్యి వెలిగించి గది వేడిచేసుకోకూడదు. బయట కరెంటుయంత్రం నడిపితే దాని పొగ కిటికీలోకి రాకుండా దూరంగా పెట్టాలి. ఈ వాయువును పసికట్టి మోగే గంటపెట్టె తప్పక ఉండాలి. దానికి కూడా ఆయుష్షు ఉంటుంది. వెనకవైపు రాసిన తేదీ దాటితే కొత్తది కొనాలి. తలుపు దగ్గర మంటలార్పే సిలిండరు ఉండాలి. తప్పించుకునే కిటికీ ఏదో, దాని గడియ ఎలా తియ్యాలో ఇంట్లో పిల్లలకు కూడా తెలియాలి. ఒక్కసారైనా తీసి చూడాలి.

మొదటి రాత్రి

కొత్త బండితో మొదటి రాత్రి దూరపు అడవికి పోవద్దు. ఇంటిముందే నిలిపి అందులో వండుకుని, తిని, పడుకోండి. ఏది మరచిపోయారో తెల్లవారేసరికి తెలిసిపోతుంది. రెండవసారి ఇంటికి గంటసేపు దూరంలో మకాం వెయ్యండి.

బయలుదేరే ప్రతిసారీ చూడవలసినవి ఒక అట్టమీద రాసుకోవాలి. జ్ఞాపకం మీద ఆధారపడరాదు. ఈ పనిలో పిల్లలకు మంచి ఉద్యోగం ఉన్నది. పిల్లలు గట్టిగా చదవాలి, పెద్దలు ఆ వస్తువును చేత్తో ముట్టుకుని "చూశాను" అనాలి.

1. గుండు కొలతా, మూతి కొలతా ఒకటే. చీల వేశాం.
2. గొలుసులు అడ్డంగా వేశాం. తీగ కారుకు కట్టాం.
3. ప్లగ్గు పెట్టాం. దీపాలూ, బ్రేకులూ పనిచేస్తున్నాయి.
4. టైర్లలో గాలి కొలిచాం. నట్లు బిగిశాయి.
5. ఊతకాళ్లు ఎత్తాం. మెట్టు మడిచాం.
6. నీళ్లగొట్టం, కరెంటుతీగ, మురుగుగొట్టం విప్పాం.
7. గ్యాసు కట్టాం.
8. కిటికీలు, అరలు, శీతలపెట్టె తలుపు గడియలు వేశాం.
9. చివరకు అడ్డుదిమ్మెలు తీశాం.
10. చుట్టూ ఒకసారి నడిచి చూశాం. అందరూ కారులో ఉన్నారు. ట్రైలరులో ఎవరూ లేరు.

ఇక మీకు ఒక లెక్క. ఒక ట్రైలరు నిండా సామానుతో 3,000 కిలోలు తూగింది. కారు గుండు మీద 240 కిలోలు పడుతున్నాయి. నీళ్లతొట్టి ఇరుసుకు వెనక ఉన్నది, అది నిండుగా ఉన్నది. ఈ బండిని ఇలాగే లాక్కుని పోవచ్చునా? పోకూడదంటే మొట్టమొదట ఏం చెయ్యాలి, ఎందుకు? స్కేలూ, పెన్సిలూ, బిళ్లలూ మళ్లీ బల్ల మీద పెట్టి ఆలోచించండి. జవాబు వచ్చే నెల.